ఇది బాడిసా, పారా? ఎవరైనా తేల్చండి

పాతసామాను:
అటక సర్దుతుంటే కర్ర ఊడిపోయిన ఇనుప తల ఒకటి దొరికింది. ఫోటో అంతా చీకటే, అందుకని మాటల్లో చెప్తాను. అంచు వెడల్పు 9 సెంటీమీటర్లు. కిలోకి కొంచెం ఎక్కువే తూగుతుంది. అంచు గొడ్డలిలా పిడి వెంట నిలువుగా కాక, అడ్డంగా ఉంది. వెనక చదరంగా మొద్దు. ఇంట్లో సగం మంది పార అంటున్నారు, సగం మంది వడ్రంగులు చెక్క చెక్కే బాడిస అంటున్నారు.

మట్టిచేతులు:
పారే అండీ. అడ్డం అంచు మట్టిలో దిగడానికి కాక ఇంకెందుకు?

చెక్కపొట్టు:
అడ్డం అంచు రెండింటికీ ఉంటుంది, దాంతో తేలదు. అంచుని ఏ వైపు సాన పట్టారో చూడండి. బాడిసకి లోపలి ముఖమే, అంటే పట్టుకున్న మనిషి వైపే, వాలుగా ఉంటుంది. బయటి ముఖం నున్నగా, కొద్దిపాటి వంపుతో ఉంటుంది.

తర్వాత బెజ్జం కొలవండి. పైన వెడల్పు, పిడి వైపు ఇరుకు ఉండాలి. కర్రని పైనుంచి దూరుస్తారు. విసిరేకొద్దీ తల బిగుస్తుంది, చీల అక్కర్లేదు. తలకిందులుగా నేలకేసి ఒక్కటి కొడితే తల పిడి మీదికి జారిపోతుంది. ఈ ఏర్పాటు ఎందుకంటే, లోపలి వాలుకి సాన పట్టేటప్పుడు కర్ర అడ్డొస్తుంది.

మట్టిచేతులు:
పికాసు బెజ్జం కూడా అచ్చం అలాగే ఉంటుంది. మీ రెండో గుర్తు కొట్టేయండి.

చెక్కపొట్టు:
నిజమే, అది ఒప్పుకుంటాను. మొదటిది మాత్రం వదలను.

పాతసామాను:
చూశాను. వాలు లోపలి వైపే ఉంది. బెజ్జం పైన వెడల్పే. కానీ అంచు కుడి మూల గుండ్రంగా అరిగిపోయింది, మధ్యలో మూడు గాట్లున్నాయి. వెనక మొద్దు పుట్టగొడుగులా చితికి అంచులు బయటికి వచ్చాయి.

మట్టిచేతులు:
ఇంకేం! మూల అరగడం మట్టి పని. గాట్లు రాళ్లవి.

సానరాయి:
ఇనుము రాకే ఆకురాయి ఒకటి తీసుకుని అంచు మీద ఒకసారి, బెజ్జం దగ్గర ఒకసారి తోయండి. అంచు మీద పట్టకుండా జారిపోయి, బెజ్జం దగ్గర కరకరా పట్టిందంటే మెత్తటి ఇనుముకి గట్టి ఉక్కు అంచు అతికినట్టు. అలాంటిది ఎక్కువగా చెక్క చెక్కడానికే చేస్తారు. గ్రైండర్ జోలికి మాత్రం పోకండి. అంచు నీలం రంగుకి తిరిగిందంటే ఉక్కు మెత్తబడినట్టే.

పాతసామాను:
అంచు మీద జారింది! బెజ్జం దగ్గర పట్టింది. వెనిగర్‌లో రాత్రంతా ఉంచి తోమితే అతుకు గీత కూడా కనిపిస్తోంది.

చెక్కపొట్టు:
అయితే బాడిసే. దుంగకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడి, రెండు పాదాల మధ్య కొడుతూ చదును చేస్తారు. ఒక్క దెబ్బ గురి తప్పితే ముంగాలికి తగులుతుంది. దూలాల చదునుకీ, రైల్వే స్లీపర్ల మీద పట్టా కూర్చునే చోటు సరిచేయడానికీ ఇదే వాడేవారు. తొట్టెలు తొలిచేదానికైతే అంచు దోసిలిలా వంగి ఉంటుంది. పడవలు చేసేవాళ్ల బాడిసల్లో కొన్నిటికి మొద్దు బదులు సన్నటి మొన ఉంటుంది. చెక్కలో పైకి లేచిన మేకుని లోపలికి దిగ్గొట్టడానికి అది. లేకపోతే అంచు మేకుకి తగిలి పోతుంది కదా. పసిఫిక్ దీవుల వాళ్లు రాతి బాడిసలతోనే పడవలు తొలిచారు. ప్రాచీన ఈజిప్టు వడ్రంగులు రాగి పలకని తోలుతో కర్రకి కట్టి వాడారు.

మట్టిచేతులు:
ఈజిప్టు సరే, ఈ గాట్ల సంగతి చెప్పండి. దీంతో ఎవరో ఏళ్ల తరబడి తవ్వారు.

చెక్కపొట్టు:
చెంచాతో డబ్బా మూత తీసినంత మాత్రాన అది మూత తీసే పనిముట్టు అవుతుందా?

మట్టిచేతులు:
ఇరవై ఏళ్లు మూతలే తీస్తే మరి?

సానరాయి:
వెనక చితికింది కాబట్టి సుత్తిగా కూడా వాడారు. మొద్దుతో ఇనుము మీద గట్టిగా కొట్టి ఉంటారు, చెక్క మీద కొడితే అంతలా చితకదు. ఆ బయటికి వచ్చిన అంచులు ముందు రాకి తీసేయండి, దెబ్బకి ముక్క ఎగిరి కంట్లో పడుతుంది.

పాతసామాను:
అవి ఇవాళే రాకాను. ఇప్పుడు అసలు టెన్షన్. గుండ్రబడిన మూల సరిచేయాలంటే అంచు మొత్తం 4 మిల్లీమీటర్లు తీసేయాలి. తీయనా, వద్దా?

చెక్కపొట్టు:
తీయండి. ఆకురాయి కష్టమే, సానరాయి మీద నీళ్లు పోస్తూ మెల్లగా.

మట్టిచేతులు:
ఉంచండి. కర్ర తొడిగి ఒకసారి మట్టిలో వేసి చూడండి.