"గతానుగతికో లోకః": మనం వదిలేస్తున్న రెండో సగం

ధ్యానానికి అడ్డం వస్తోందని గురువు పిల్లిని కట్టిస్తే, ఆ పిల్లి పోయాక శిష్యులు కట్టడానికి ఇంకో పిల్లిని వెతికిన ఆశ్రమం కథ కింద ఎవరో "గతానుగతికో లోకః" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. దీనర్థం గొర్రెదాటేనా, ఇంకేమైనా ఉందా అని మీరు అడిగారు. ఉందండీ. అసలు సంగతంతా మనం ఎప్పుడూ చదవకుండా వదిలేసే రెండో సగంలోనే ఉంది.

గతానుగతికో లోకో న లోకః పారమార్థికః
గంగాసైకతలింగేన నష్టం మే తామ్రభాజనమ్

రెండో సగానికి పాఠాంతరాలున్నాయి, భావం మాత్రం ఒకటే. ఒకాయన గంగాస్నానానికి వెళ్ళాడు. చేతిలో రాగి చెంబుంది. ఒడ్డున పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని ఇసుకలో గొయ్యి తీసి పాతిపెట్టి, గుర్తు కోసం పైన ఇసుకతో లింగం చేసి నీళ్ళలోకి దిగాడు. వెనకాల వచ్చినవాళ్ళు అది చూసి, ఇక్కడ స్నానానికి ముందు సైకతలింగం చేయాలి కాబోలనుకుని తలా ఒకటి చేశారు. ఆయన మునిగి లేచి వచ్చేసరికి ఒడ్డంతా లింగాలే. ఏదని తవ్వుతాడు? అప్పుడు అన్న మాట ఇది: లోకం ముందువాడి వెంట పోయేదే గానీ పారమార్థికం కాదు, గంగ ఒడ్డున ఇసుక లింగం వల్ల నా రాగి చెంబు పోయింది అని.

మొదటి సగం ఒక్కటే చదివితే ఎవరో దూరంగా నిలబడి జనాన్ని వెక్కిరిస్తున్నట్టుంటుంది. మొత్తం చదివితే మాట్లాడుతున్నది చెంబు పోగొట్టుకున్న మనిషి. "నష్టం మే" అంటున్నాడు, నాది పోయింది అని. ఆ లింగం ఎందుకు చేశారో తెలిసింది ఆయనొక్కడికే. చివరికి ఆ గుర్తు ఆయనకే పనికిరాకుండా పోయింది. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. కారణం తెలియకుండా ఒక ఆచారాన్ని పాటిస్తే పాటించినవాళ్ళ కాలం, శ్రమ వృథా అవుతాయని సరిపెట్టుకుంటాం. మొదట మంచి కారణంతో చేసినవాడి పని కూడా దాంతోనే చెడిపోతుందని ఆలోచించం. పిల్లి కథలోనూ అంతే. అడ్డం వస్తోందని గురువుగారు పిల్లిని స్తంభానికి కట్టించారు. ఆయనకి కావలసింది ధ్యానం. ఆ పిల్లి చచ్చిపోయాక శిష్యులు ఇంకో పిల్లి కోసం ఊరంతా తిరిగారే, ఆ పూట ధ్యానం ఏమైనట్టు?

"పారమార్థికః" అన్నచోట చాలామంది పొరబడుతుంటారు. ఇప్పటి తెలుగులో పారమార్థికం అంటే మోక్షం, పరలోకచింత అన్న అర్థం స్థిరపడిపోయింది. ఆ అర్థంతో చదివితే లోకానికి భక్తి లేదని వస్తుంది. అంతమంది కూర్చుని లింగాలు చేస్తుంటే భక్తి లేకపోవడమేమిటి? ఇక్కడ పరమార్థం అంటే అసలు సంగతి. లోకం అసలు సంగతేమిటో చూసుకోదు అని శ్లోకం చెబుతోంది. ఆ ఒడ్డున భక్తికి కొదవలేదు. "ఇదెందుకు చేశారండీ?" అని అడిగేవాళ్ళకే కొదవ. అడగాలంటే ఆ మనిషి అక్కడే, మొలలోతు నీళ్ళలో ఉన్నాడు కూడా. ఆయన కూడా ఎవరికీ చెప్పలేదనుకోండి. చెంబు సంగతి చెబితే దాచుకోవడం ఎందుకు!

ఇక గొర్రెదాటు. ముందు గొర్రె ఎగిరి దూకితే, అక్కడ అడ్డేమీ లేకపోయినా వెనకవి కూడా దూకుతాయి. ఒకరిని చూసి ఒకరు అప్పటికప్పుడు చేసేదానికి ఈ మాట బాగా అతుకుతుంది. అందరూ కొంటున్నారని ఏ కంపెనీయో చూడకుండా షేర్లు కొనడం గొర్రెదాటు. గతానుగతికంలో ఉన్నది ముందు వెళ్ళినవాడి వెంట వెళ్ళడం. ఆ ముందు వెళ్ళినవాడు ఇప్పుడు కళ్ళెదుట ఉండనక్కర్లేదు, పోయి ఎన్ని తరాలైనా కావచ్చు. అందుకే పిల్లి కథకి గతానుగతికమే సరైన మాట అని నా అభిప్రాయం.

"పిల్లిని కట్టేస్తే ఎవరికేం నష్టం, దీనికి ఇంత సీరియస్ చర్చ ఎందుకు" అని ఇంకొకరు రాశారు. పిల్లి దగ్గర ఆగిపోతే నిజంగానే నష్టం లేదు. అన్నీ అక్కడే ఆగవు. గురజాడ "కన్యాశుల్కం" 1897 నాటి తొలి ముద్రణకి ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి చొరవతో విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించారు. 1,034 తేలాయి. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు కాబట్టి అది పూర్తి జాబితా కూడా కాదు. వాళ్ళలో 99 మంది పిల్లలకి ఐదేళ్ళు. 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు. ముగ్గురికి ఒక్క ఏడాది. ఆ పెళ్ళిళ్ళు చేసినవాళ్ళలో చాలామంది ఇది మన ఇళ్ళలో ఉన్నదే కదా అనుకునే చేసి ఉంటారు. శ్లోకంలో నష్టపోయినవాడు నోరు తెరిచి "మే" అనగలిగాడు. ఏడాది పిల్లకి ఆ మాట కూడా రాదు.

అలాగని పాతదంతా పారేయమని ఈ శ్లోకం చెప్పడం లేదు. పాతదైనా కొత్తదైనా పరీక్షించి తీసుకోవాలని తేల్చి చెప్పింది కాళిదాసు, మాళవికాగ్నిమిత్రం నాటకం ప్రస్తావనలో. భాసుడి లాంటి పేరున్నవాళ్ళుండగా ఈ కొత్త కవి నాటకం ఎందుకు ఆడుతున్నారని అడిగితే సూత్రధారుడు చెప్పే జవాబు అది:

పురాణమిత్యేవ న సాధు సర్వం
న చాపి కావ్యం నవమిత్యవద్యమ్
సంతః పరీక్ష్యాన్యతరద్భజంతే
మూఢః పరప్రత్యయనేయబుద్ధిః

పాతదైనంత మాత్రాన అంతా మంచిదైపోదు, కొత్తదైనంత మాత్రాన కావ్యం చెడ్డదైపోదు. తెలివైనవాళ్ళు పరీక్షించి రెండిట్లో ఒకటి తీసుకుంటారు, మూఢుడి బుద్ధి ఇతరుల నమ్మకం వెంట నడుస్తుంది. మూఢుడంటే చదువు లేనివాడని మనం వాడేస్తున్నాం గానీ, ఈ నిర్వచనంలో చదువు ప్రసక్తే లేదు, గమనించండి. ఎన్ని డిగ్రీలున్నవాడైనా పరీక్షించడం మానేసిన రోజున ఇందులోకి వస్తాడు.

వాడుక గురించి కూడా అడిగారు కాబట్టి: "గతానుగతికంగా చేస్తున్నారు" అనడం తెలుగులో చక్కగా చెల్లుతుంది, ఎప్పటినుంచో రాస్తున్నదే. సైకతలింగం పాదాన్ని మీలో ఎవరైనా వేరే పాఠంతో విని ఉంటే ఇక్కడ రాయండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.