పెదవి లోపల నీలం బుడిపె: ముక్క పరీక్ష లేకుండా లేజర్ చేయించొచ్చా?

నీలిచుక్క: నాన్నగారికి కింది పెదవి లోపల అర సెంటీమీటరు నీలం బుడిపె ఉంది. నొప్పి లేదు, ఏళ్లుగా పెరగలేదు. డెంటల్ డాక్టర్ గాజు పలకతో అదిమి చూసి, రక్తనాళాల ఉబ్బే, లేజర్‌తో పోతుంది, బయాప్సీ (ముక్క పరీక్ష) అక్కర్లేదన్నారు. నమ్మొచ్చా?

మొండిఘటం: వద్దు. మా అక్కకి చిగురు మీద ఎర్రటి కండ లేస్తే "ఏం కాదు" అని లేజర్‌తో కాల్చేశారు. నెలలు తిరక్కుండానే మళ్లీ లేచింది. ల్యాబ్‌కి పంపడానికి పొగ తప్ప ఏం మిగిలింది?

దంతవైద్యం: మీ అక్కగారిది చిగురు. అక్కడ ఎక్కువగా వచ్చేది పైయోజెనిక్ గ్రాన్యులోమా, అంటే క్యాన్సర్ కాని ఎర్ర కండ. పళ్ల గార ఒరిపిడికి వస్తుంది, గర్భిణుల్లో హార్మోన్ల వల్ల ఇంకా త్వరగా పెరుగుతుంది. గార తీయకుండా కండ ఒక్కటే తీస్తే మళ్లీ లేస్తుంది. ఇది పెదవి. అదిమితే పాలిపోయి, వదలగానే నీలం తిరిగొస్తే లోపలున్నది నాళాల్లో కదిలే రక్తమే. పెద్ద వయసులో వచ్చే వీనస్ లేక్ (ఉబ్బిన చిన్న సిర) ఇలాగే ఉంటుంది.

మొండిఘటం: అంటే మా అక్క పళ్లు తోముకోదనా?

బుజ్జాయి_అమ్మ: మా పాపకి పెదవి మీది ఎర్ర గడ్డ ప్రొప్రనొలాల్‌తో తగ్గింది. అది అడగండి.

దంతవైద్యం: అది పసిపిల్లల హెమాంజియోమాకండీ, అంటే రక్తనాళాల గడ్డకి. ఆ మందు దానికి పనిచేస్తుందని 2008లో బయటపడింది. పెద్దవాళ్ల నీలం బుడిపెకి కాదు.

బాటసారి: డాప్లర్ (రక్తం పారే తీరు చూపే స్కాన్) తీయిస్తే సరి.

దంతవైద్యం: ఇంత చిన్నదానికా? లోతు తెలియనివాటికి, వేలికి నాడిలా కొట్టుకునేవాటికి డాప్లర్, ఎమ్మారై కావాలి. అవి చూడకుండా కత్తి పెడితే రక్తం ఆపడం కష్టం.

మొండిఘటం: మెలనోమా అనే క్యాన్సర్ కూడా నల్లగా, నీలంగా ఉంటుంది. మీ వేళ్లకి మైక్రోస్కోప్ ఉందా?

దంతవైద్యం: పాలిపోకపోతే నేనే బయాప్సీ అంటాను. లోపల రక్తం గడ్డకట్టినా పాలిపోదు, చూపుతో తేల్చలేం. చదివి మాట్లాడండి.

మొండిఘటం: ఇదిగో, ఇదే! "పరీక్షకి పంపుతారా" అంటే అక్కనీ ఇలాగే కసిరారు. రెండోసారి వేరేచోట కోసి ల్యాబ్‌కి పంపితే మామూలు గడ్డేనని తేలింది. రిపోర్టు వచ్చేదాకా ఆ మనిషికి నిద్ర లేదు.

దంతవైద్యం: కోసి తీసిన ముక్క ల్యాబ్‌కి వెళ్లాల్సిందే, కాదనను. చిగురు మీదైతే మరీనూ. జెయింట్ సెల్ గ్రాన్యులోమా అనే మరో రకం చిగురు గడ్డ, అరుదుగా వేరేచోటి నుంచి పాకిన క్యాన్సర్ కూడా అలాగే కనిపిస్తాయి. మీకు కావాల్సింది ముక్కా, జవాబా?

మొండిఘటం: జవాబే. రేపు తేడా వస్తే ఎవరిది పూచీ?

నీలిచుక్క: ఇప్పుడే గాజు గ్లాసుతో అదిమి చూశాను, పాలిపోయింది. లేజర్‌కి ముందు ఫొటో తీయమంటాను. మళ్లీ వస్తే బయాప్సీ చేస్తారా అని అడుగుతాను.

మొండిఘటం: కేస్ షీట్‌లో రాయించుకోండి.