కొత్త క్యాప్ వేయించుకున్నాక నమిలితే నొప్పి, ఎవరికైనా ఇలా అయ్యిందా?

గంటస్తంభం_దగ్గర:
మాది విజయనగరం. కుడివైపు కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ అయ్యాక పోయిన శుక్రవారం జిర్కోనియా క్యాప్ (పింగాణీలా తెల్లగా, గట్టిగా ఉండేది) పెట్టారు. ఊరికే ఉంటే ఏ బాధా లేదు, మెత్తటి అన్నం తిన్నా పర్లేదు, కానీ జంతిక ముక్కో వేయించిన వేరుశనగ గింజో ఆ పన్ను కింద పడిందంటే చెవి దాకా లాగేస్తోంది. వారం నుంచి ఎడమవైపే నములుతున్నాను, ఇప్పుడు ఆ దవడా పీకుతోంది. నరం తీసేశాక నొప్పి ఎక్కడిదండీ? పదిహేను వేలు పోసి నొప్పి కొనుక్కొచ్చావా అని మా నాన్న రోజూ పొడుస్తున్నాడు.

నాగావళి_గట్టు:
అన్నయ్యా, అద్దం కూడా అక్కర్లేదు, నెమ్మదిగా పళ్లు మూసి చూడు. మిగతా వాటికంటే ముందు ఆ క్యాపే తగులుతోందా? నాకు అదే. నాది నరం తీయని పన్ను, మత్తింజక్షన్ ఇచ్చి క్యాప్ పెట్టి "ఎలా ఉంది" అన్నారు, సగం మూతి మొద్దుబారిపోయి ఉంటే నాకేం తెలుస్తుంది, "బాగుంది సార్" అనేసి శ్రీకాకుళం వచ్చే బస్సెక్కేశాను. మర్నాడు ఇడ్లీ తినలేకపోయాను. మళ్లీ వెళ్తే నీలం కాగితం పళ్ల మధ్య పెట్టి టకటకా కొరకమన్నారు, తర్వాత పక్కకి జరపమన్నారు. క్యాప్ మీద ఒక్కచోట ఆవగింజంత చుక్క ముదురుగా పడింది, అంటే అక్కడ ఎత్తుగా ఉందన్నమాట. అదంతా ఆ చుక్క చేసిన పని! రెండు నిమిషాలు అరగదీశారంతే.

తోటపల్లి_కాలవ:
మా చెల్లి బీడీఎస్, తనని అడిగి రాస్తున్నా. తీసేది పంటి లోపలి నరమే. వేరుకీ ఎముకకీ మధ్య పల్చటి పొర ఉంటుంది, అది అలాగే ఉంటుంది, ఒత్తిడి తెలిసేది దానికే. క్యాప్ వెంట్రుకవాసి ఎత్తున్నా కొరికినప్పుడల్లా ఆ పొర మీద దెబ్బ పడి వాస్తుందట. అందుకే అరగదీసిన రోజే హాయిగా ఉండదు, కొన్ని రోజులు పడుతుంది. అరగదీశాక నున్నగా పాలిష్ చేయమని అడగండి, జిర్కోనియా గరుకుగా ఉండిపోతే ఎదుటి పన్నుని తినేస్తుంది.

పలాస_జీడిపప్పు:
అందరిదీ ఎత్తు సమస్యే అనుకోకండి బాబూ. నాది రెండుసార్లు అరగదీశారు, తగ్గలేదు, మూడోసారి కూడా అదే మాటంటే నేనే పట్టుబట్టి ఎక్స్‌రే తీయించాను. పై దవడ మొదటి పెద్ద పన్నుకి చాలామందికి వేళ్లలో నరం ఉండే సన్నటి కాలవలు మూడు కాదు, నాలుగుంటాయట, నాకు ఆ నాలుగోది సన్నగా ఉండి మొదట దొరకలేదు. క్యాప్‌కే చిల్లు పెట్టి మళ్లీ శుభ్రం చేశారు. మా ఎదురింటాయనది ఇంకో రకం, కొరికినప్పటికన్నా వదిలినప్పుడు జివ్వుమనేది. పన్ను చీలింది, పీకించుకున్నాడు. చిగురు వాచినా, చీము కారినా, జ్వరం వచ్చినా మాత్రం ఇక్కడ కూర్చుని మమ్మల్ని అడగొద్దు, వెంటనే వెళ్లు.

బొబ్బిలి_కోట:
లవంగ నూనెలో దూది ముంచి పెట్టండి, పోతుంది.

నాగావళి_గట్టు:
@బొబ్బిలి_కోట ఎత్తు ఎక్కువైతే నూనె ఏం చేస్తుంది మావా? నేనూ పెట్టాను, నొప్పి తగ్గలేదు సరికదా చిగురు మండి తెల్లగా పొక్కింది.

గంటస్తంభం_దగ్గర:
నిన్న సాయంత్రం వెళ్లొచ్చాను. మళ్లీ డబ్బులడుగుతారేమోనని ఇన్నాళ్లూ మొహమాటపడ్డాను, పైసా తీసుకోలేదు. నాకూ అదే, నాలుకవైపు అంచున నీలం చుక్క. అరగదీసి, పాలిష్ పెట్టి, వారం పాటు గట్టివి ఆ వైపు నమలొద్దన్నారు. ఈ పొద్దు ఉప్మా రెండువైపులా తిన్నాను, కాస్త నొక్కినట్టుంది గానీ ఆ పోటు లేదు. వేరుశనగ గింజ జోలికి ఇంకా పోలేదు. సోమవారానికి పూర్తిగా తగ్గకపోతే ఎక్స్‌రే తీద్దామన్నారు, అప్పుడు వచ్చి రాస్తాను.