మొదటి .22 రైఫిల్, స్కోప్: డబ్బులు దేనిమీద ఎక్కువ పెట్టాలి?

టార్గెట్ షూటింగ్ ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్నా, 50 మీటర్లలో కాగితం టార్గెట్ల మీదే, వేట గీట ఏం లేదు. .22 ఎల్‌ఆర్‌లో (చిన్న .22 తూటా రకం) సావేజ్ మార్క్ 2 నా, సీజెడ్ 457 నా తేల్చుకోలేకపోతున్నా, రెండూ ప్రతి షాట్‌కీ చేత్తో బోల్ట్ లాగి లోడ్ చేసేవే, రూగర్ 10/22 కూడా బాగుంటుందంటారు గానీ సెమీ ఆటో (ప్రతి షాట్ తర్వాత తూటా దానంతటదే లోడ్ అయ్యేది) అయితే టకటకా కాల్చేసి బుల్లెట్లు తగలెయ్యడమే తప్ప ట్రిగ్గర్ మీద చెయ్యి కుదరదేమో అని నా డౌటు. అసలు తలనొప్పి స్కోప్‌తో, అంటే రైఫిల్ మీద పెట్టి గురి చూసే దుర్బిణితో. రేంజ్‌లో ఒకాయన 3-9×40 (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపించే, 40 మి.మీ. ముందు లెన్స్ ఉన్న స్కోప్) ఇస్తే చూశా, రైఫిల్ కదలకుండా తల కాస్త పక్కకి జరిపితే చాలు, క్రాస్‌హెయిర్ పది రింగులోంచి తొమ్మిదిలోకి జారిపోతోంది, ఈ తేడానే పారలాక్స్ అంటారట, అది 100 గజాల దూరంలో లేకుండా సెట్ చేసి ఉందట. మరి బడ్జెట్‌లో పారలాక్స్ అడ్జస్ట్ చేసుకునేది దొరుకుతుందా, లేక రైఫిల్ మీద తగ్గించి స్కోప్ మీద పెట్టాలా? స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే రింగులు, మౌంట్ ఖర్చు వేరే ఉంది కదా మళ్లీ. వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.