వైఫై ప్రింటర్‌కు ఐపీ అడ్రసు ఎక్కడ కట్టాలి? ప్రింటర్‌లోనా, రౌటర్‌లోనా?

బస్టాండ్_జిరాక్స్: తిరుపతి బస్టాండు దగ్గర షాపు. కరెంటు పోయి వస్తే చాలు, కంప్యూటర్‌లో ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. దర్శనం టికెట్ల ప్రింట్లకు జనం నిలబడిపోతారు. స్టాటిక్ ఐపీ (ప్రింటర్‌లోనే మారని నెట్‌వర్క్ అడ్రసు) పెట్టమని ఒకరు, ఒక అడ్రసు ఎప్పుడూ ప్రింటర్‌కే ఇచ్చేలా రౌటర్‌లో రిజర్వ్ చేయమని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలు?

కోర్టురోడ్డు_చిత్తూరు: ప్రింటర్‌లోనే పెట్టండి సామీ. నెట్‌వర్క్ మెనూలో ఐపీవీ4 మాన్యువల్ చేసి 192.168.1.240, మాస్క్ 255.255.255.0, గేట్‌వేకు రౌటర్ అడ్రసు కొట్టండి. ఇక ఎన్నిసార్లు కరెంటు పోయినా అడ్రసు కదలదు.

సర్వీస్_తిరుపతి: కదలకపోవడమే చిక్కు. చాలా రౌటర్లు చివరి సంఖ్య 2 నుంచి 254 దాకా ఉన్న అడ్రసులన్నీ పంచేస్తాయి. అదే 240 ఎవరి ఫోన్‌కో పడిందంటే ప్రింటు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. కారణం ఎంత వెతికినా దొరకదు. రౌటర్ మార్చినప్పుడు కొత్తది 192.168.0 వరుసదైతే ప్రింటర్ అసలు కనిపించదు. ప్రింటర్‌ను ఆటోమేటిక్‌లో ఉంచి, నెట్‌వర్క్ రిపోర్టు కాగితం తీసి, అందులోని మ్యాక్ అడ్రసును (ప్రింటర్‌కు తయారీలోనే వచ్చే గుర్తింపు నంబరు) రౌటర్ డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే ఏర్పాటు) రిజర్వేషన్‌లో ఎక్కించండి. కేబుల్‌కు ఒక మ్యాక్, వైఫైకి ఇంకో మ్యాక్ ఉంటాయి. వైర్‌లెస్‌దే రాయాలి.

కోర్టురోడ్డు_చిత్తూరు: రౌటర్ మారిస్తే రిజర్వేషనూ పోతుంది కదా! పైగా రౌటర్ లాగిన్ నెట్ వాళ్ల చేతిలోనే ఉంటే షాపాయన ఏం చేస్తాడు?

సర్వీస్_తిరుపతి: రిజర్వేషన్ పోయినా ప్రింటర్‌కు కొత్త వరుసలో అడ్రసు దొరుకుతుంది, నెట్‌లోనే ఉంటుంది. లాగిన్ మాత్రం అడిగి తీసుకోవాల్సిందే. మీ పద్ధతికీ అది కావాలి, రౌటర్ పంచే వరుసను 2–199కి కుదిస్తేనే 240 క్షేమం.

లాడ్జి_వైఫై: కంప్యూటర్ వైపు ఎవరూ చూడలేదే! విండోస్ తానే ప్రింటర్‌ను కలిపితే తరచూ డబ్ల్యూఎస్‌డీ పోర్టు (అడ్రసు ఇవ్వకుండా ప్రింటర్‌ను తానే వెతుక్కునే దారి) పెడుతుంది. ఆఫ్‌లైన్ గోల ఎక్కువ దాంతోనే. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్, యాడ్ పోర్ట్, స్టాండర్డ్ టీసీపీ/ఐపీ నొక్కి కట్టిన అడ్రసు ఇవ్వండి. ఇక బస్టాండు చుట్టూ లాడ్జీలే, 2.4 గిగాహెర్ట్జ్ కిక్కిరిసి ఉంటుంది. చాలా ప్రింటర్లు 5 గిగాహెర్ట్జ్ పట్టవు. ఛానల్ 1, 6, 11లో రద్దీ తక్కువున్నది, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. వైఫై సెక్యూరిటీలో కొత్త డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే పాత ప్రింటర్ చేరదు, డబ్ల్యూపీఏ2 ఉంచండి. గెస్ట్ వైఫైలో మాత్రం ప్రింటర్ పెట్టొద్దు, కంప్యూటర్‌కు అందదు.

సర్వీస్_తిరుపతి: పోర్టు మాట నిజం. కరెంటు వచ్చాక రిపోర్టులో 169.254తో మొదలయ్యే అడ్రసు (రౌటర్ ఇవ్వనప్పుడు ప్రింటర్ తానే పెట్టుకునేది) కనిపిస్తే, రౌటర్ లేచేలోపే ప్రింటర్ లేచిందని అనుమానించండి. రౌటర్‌ను యూపీఎస్ మీదికి మార్చి, ప్రింటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి.