అప్‌డేట్: అమ్మ ఎమ్మారై రిపోర్టులో 'కాడా ఈక్వైనా' సంగతి

అమ్మ నడుము ఎమ్మారై రిపోర్టులో 'కాడా ఈక్వైనా' అని ఉంది, అది జబ్బు పేరా అని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. విశాఖ మహారాణిపేటలో న్యూరో డాక్టరుగారికి చూపించాం. జబ్బు కాదు, ఒంట్లో ఒక భాగం. లాటిన్‌లో గుర్రం తోక అని అర్థం. ఎదిగిన మనుషుల్లో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్నుంచి కాళ్లకు, మూత్రాశయానికి వెళ్లే నరాలు విడివిడి పోగులుగా కిందికి దిగుతాయి, ఆ పోగుల కుచ్చే కాడా ఈక్వైనా. ఫిల్మును లైటు మీద పెట్టి పెన్నుతో చూపిస్తే, ఆ సన్నటి గీతలు నాకూ కనిపించాయి.

రిపోర్టులో ఆ పేరు పక్కనే 'నార్మల్' అని ఉంది. గూగుల్‌లో కొడితే మాత్రం ముందు వచ్చేది 'కాడా ఈక్వైనా సిండ్రోమ్'! మా టెన్షనంతా దానివల్లే. సిండ్రోమ్ అని ఉంటేనే జబ్బు, అంటే పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ లాంటిదేదో ఆ నరాలను నొక్కేయడం. మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్లూ పట్టు తప్పినా అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి రమ్మన్నారు.

అమ్మకు అవేవీ లేవు. ఎల్4-ఎల్5 డిస్క్, అంటే నడుము నాలుగు, ఐదో పూసల మధ్యది, కాస్త జరిగిందట, ఫిజియోథెరపీ రాశారు. బీచ్ రోడ్డులో వాకింగ్ మానక్కర్లేదు, బరువులే ఎత్తకూడదు. గ్యాస్ సిలిండరు కూడా తనే జరుపుకునే మనిషి మరి, వింటుందో లేదో చూడాలి.