అప్‌డేట్: తెలుగు క్లాసిక్స్‌లో ఏది గొప్ప, ఏది విసుగు?

చెన్నైలో మా చదువరుల బృందానికి ఏ తెలుగు క్లాసిక్స్ పెట్టాలి, ఏవి వద్దు అని అడిగాను కదా. ఎక్కువమంది గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’కే ఓటేశారు. కొనేముందు కూర్పు చూసుకోండి: 1897 నాటిది 5 అంకాలు, 1909 నాటిది 7. అందరూ మెచ్చుకునేది రెండోదే. మనసులో చదువుకుంటే ఉత్తరాంధ్ర యాస అడ్డు తగులుతుంది. పాత్రలు పంచుకుని పైకి చదవండి, గిరీశం ఇంగ్లీషు కోతలు వాటంతటవే పేలతాయి.

తిట్లన్నీ విశ్వనాథ సత్యనారాయణ నవల ‘వేయిపడగలు’కి. అన్యాయం! చాలామంది సుబ్బన్నపేట వర్ణనల దగ్గరే ఆపేస్తారు, కూలిపోతున్న ఆ ఊరే అసలు కథ. కథానాయకుడు ధర్మారావు వాదనలు మాత్రం సాగతీతే, కాదనను.

పుస్తకం దొరక్కపోతే ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ ఉంది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాలు చేరాల్సిన గ్రంథాలయాల్లో అదొకటి.